తూకం

నా సంచిలో ఒక జోలెగుడ్డ, ఒక కొక్కెం తూకం,
రెండు సబ్బులు, నూలుబట్టలు నాలుగు,
మా ట్రస్టు వాళ్ళు అచ్చేసిన పుస్తకం.
ఇంటికొక పేజీ, పేజీకి ఇరవైరెండు గళ్ళు.
బుడగట్లపాలెంలో బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికి
చెప్పుల్లో నాకంటే ఇసకే ఎక్కువ.

పుణ్యవతి ఇంటికి ఇది నాలుగో రాక.
మొదటిసారి ఆరో నెల. కాళ్ళవాపు చూసి
శ్రీకాకుళం పెద్దాసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళాను.
వరసలో నిలబడ్డం నా పని, కూర్చోడం ఆమె పని.
రెండోసారి ఎనిమిదో నెల. ఎవరి బండి, ఎవరి రక్తం, ఎవరు తోడు,
తలుపు వెనక సుద్దతో రాసిపెట్టాను.
మూడోసారి పురిటిగది బయట, రాత్రి రెండింటికి
"తండ్రేడీ? సంతకం" అని నర్సమ్మ అడిగితే
"వెరావల్" అన్నాం ఒకేసారి, అత్తా నేనూ,
అదే అతని పేరన్నట్టు.

ఇవాళ పిల్లకి పన్నెండో రోజు.
దూలానికి తూకం తగిలిస్తుంటే
గురమ్మ గంప దించి నడుంమీద చెయ్యేసింది.
"ఓలమ్మ, గుంటని సేపలాగ తూస్తావేటి?"
నలభై ఏళ్ళు చేపలమ్మిన చేతులు.
పిల్లని అందుకుని ఒకసారి పైకీ కిందకీ ఆడించి
"రెండుంపావుకి పిసరు తక్కువ" అంది.
నా ముల్లు రెండు కిలోల రెండువందల దగ్గర ఆగింది.
పదో గడిలో రాసుకున్నాను.
ఎవరి తూకమో అడిగే గడి లేదు.

పుణ్యవతి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.
మంచం కింద పాలసొర కూర, మూతైనా తియ్యలేదు.
"పాలు పడతాయని సేసినాను. నోట ఎట్టదు, మాటాడదు.
పొద్దల్లా ఒకటే ఏడుపు. దిష్టేటో!"
నా పుస్తకంలో దీనికో పేరుంది, కింద ఫోన్ నంబరుంది.
ఇంత చిన్న ఇంట్లో అంత పెద్ద పేరు ఎక్కడ పెట్టను?
పదిహేడో ప్రశ్న మాత్రం అడిగాను:
"నీకెలా ఉందమ్మా?"

గోడమీద బల్లి ఈ మూలనించి ఆ మూలకి పోయింది.
తర్వాత, గోడతోనే:
"అందరూ గుంటకెలగుందనే అడిగినారు."
ఇంకాసేపటికి:
"నాకు నిద్దర కావాలప్పా."

పిల్లనెత్తుకుని వాకిట్లో వలల కుప్పమీద కూర్చున్నాను,
నీడ జరిగినప్పుడల్లా నేనూ జరుగుతూ.
చూడాల్సిన ఇళ్ళు ఇంకా మూడు. చూడలేదు.
పిల్ల నా చీరమీద రెండుసార్లు పోసింది.
ఏడ్చినప్పుడు తల్లి పక్కన పెట్టి,
పాలు తాగాక మళ్ళీ తెచ్చుకున్నాను,
దొంగలాగ.

ఫోన్. ఎర్రన్న.
పడవ గట్టుకొచ్చిందట. వెనకాల ఎవరో
గుజరాతీలో ఐసు బేరమాడుతున్నారు.
"పాపెంత తూగిందప్పా?"
చెప్పాను.
"డబ్బులంపీసినాను. నానింకేటి సెయ్యాల?"
ఇరవైమూడేళ్ళవాడు. నా పుస్తకంలో తండ్రికి ఒక్కటే గడి,
అదీ పేరుకి.
"రాత్రికి ఫోన్ చెయ్యి. ముందే పాపనడక్కు.
తిన్నావా అని అడుగు. ఏం చెప్పినా ఊఁ కొట్టు."
"ఊఁ" అన్నాడు,
అప్పుడే మొదలెట్టేసినట్టు.

పుణ్యవతి లేచేసరికి మూడు దాటింది.
చెంపమీద నులక గళ్ళు అచ్చుపడ్డాయి.
చల్లారిపోయిన కూరతోనే నాలుగు ముద్దలు తింది.
బుధవారం డాక్టరమ్మ దగ్గరికెళ్దాం, నేనూ వస్తానన్నాను.
అవుననలేదు, కాదనలేదు.
జడ విప్పి మళ్ళీ అల్లుకోడం మొదలెట్టింది.

దాతలకి పంపడానికి ఫోటో కావాలి,
తల్లీ పిల్లా సబ్బులతో. తియ్యలేదు.
శనివారం మీటింగులో ఏం చేశావంటారు.
మూడుగంటలు కూర్చున్నానంటే
బస్సుఛార్జీ ఇస్తారో ఇవ్వరో.

వెళ్ళొస్తానంటే గురమ్మ నా సంచి లాక్కుని
పుస్తకాన్ని ఓ పక్కకి నెట్టి
రెండు దోసిళ్ళ ఎండు నెత్తళ్ళు పోసింది.
"ఎంతమ్మా?" అన్నాను.
"తూయలేదు" అంది.

ఎచ్చెర్ల దాటేదాకా
బస్సులో అందరూ నావైపే చూశారు.